వాలు వీధిలో కొలత

కొలతలు ఇవ్వడానికి వచ్చిన మనిషి ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే టైలరు మాస్టారికి ఒళ్ళు మండిపోయేది. టేపు మెడలో వేసుకుని, రెండు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడండి, మీరు వంగితే కొలత వంగుతుంది, తర్వాత నన్ను అంటారు అని గదమాయించేవాడు. ఆఫీసర్లయినా సరే, ఆయన ముందు బడిపిల్లల్లా సర్దుకుని నిలబడాల్సిందే. ఆయన కుట్టిన కోటు భుజం దగ్గర ముడత పడిందన్నవాడు ఆ ఊళ్ళో లేడు. ఆ మాట నిజమే, కాదనడానికి మనమెవరం? కాకపోతే కొలతలో తనకి తిరుగులేదన్న నమ్మకం ఒకసారి తలకెక్కాక అది గుడ్డ దగ్గరే ఆగుతుందా? కూరలో ఉప్పు దగ్గర్నించి గోడ మీద గడియారం దాకా అన్నీ ఆయనే తేల్చాలి.

దుకాణం ఇంటి ముందుగదిలోనే. ఇల్లేమో వాలు వీధికి సరిగ్గా నడుమన. కింద మలుపు దగ్గర మొదలైన వీధి పైన నీళ్ళ ట్యాంకు దాకా ఎక్కుతూనే ఉంటుంది. ఎవరి సంచీలోంచైనా నిమ్మకాయ జారిందంటే మలుపు దాకా దాని వెంట పరుగెత్తాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయాసపడతారు గానీ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి అది వాలన్న సంగతే గుర్తుండదు. మాస్టారి లేత నీలం కారు ఇంటి ముందే, ముక్కు ట్యాంకు వైపు పెట్టుకుని ఉండేది. రోజూ దుకాణం కట్టేశాక ఆయనే వెళ్ళి, బండి జారకుండా వెనక చక్రం కింద ఒక రాయి పెట్టి వచ్చేవాడు. ఆ రాయి సంగతి మరిచిపోకండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఆ కారు వెతికిపెట్టింది ఆయన బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మానాన్నా పోయాక అక్క దగ్గరికి వచ్చేసి, కత్తిరింపు బల్ల కిందే పక్క వేసుకుని పెరిగాడు. మాస్టారు కుట్టుపని నేర్పుదామని చూశాడు. చొక్కా కుట్టమంటే వాడు మిషను విప్పుకుని కూర్చునేవాడు. విప్పినదాన్ని మళ్ళీ బిగించేవాడు కూడా, అదీ ముందుకంటే మెత్తగా తిరిగేట్టు. నీకు గుడ్డ అచ్చిరాదురా, ఇనుమే గతి అని నవ్వి, ఆయనే తీసుకెళ్ళి ఒక మెకానిక్ దగ్గర పనిలో పెట్టాడు. కొన్నేళ్ళకి వాడు కింద మలుపు దగ్గర సొంత షెడ్డు వేసుకున్న రోజున, మాస్టారు ముతక నీలం గుడ్డతో వాడికి పనిబట్టలు కుట్టి ఇచ్చాడు. కుడి తొడ పక్కన పానా పట్టేలా సన్నగా, పొడుగ్గా ఒక జేబు పెట్టాడు. వాడు అందులో పానా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. పిల్లలు లేని మాస్టారికి ఆ పూట ఏమనిపించిందో ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రోజంతా ఎవరినీ గదమాయించలేదు.

అలాంటి ఇద్దరి మధ్య ఒక ఆదివారం పొద్దున ఇంజనాయిల్ వచ్చి పడింది.

ముందురోజే బావమరిది కారుకి ఆయిల్ మార్చి, తెచ్చి ఇంటి ముందు పెట్టి వెళ్ళాడు. మాస్టారు పొద్దున్నే లేచి ఫోను చూస్తూ, ఇంజన్లో ఆయిల్ ఎంతుందో ఎవరికి వారే చూసుకోవచ్చని తెలుసుకున్నాడు. తెలుసుకున్నవాడు ఊరుకుంటాడా? బానెట్ ఎత్తాడు. ఆయిల్ చూసే గేజి పుల్ల లాగి, లైనింగు గుడ్డ పీలికతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. పుల్ల మీద రెండు గీతలుంటాయి. కొత్తగా మార్చిన ఆయిల్ పై గీతని తాకాలి. ఇది రెండు గీతలకీ నడుమన ఆగిపోయింది. మళ్ళీ తుడిచి మళ్ళీ ముంచాడు, అంతే. మెడలో టేపు తీసి గీతల మధ్య కొలిచి, మనసులో గుణించుకుని, అరలీటరు తక్కువని తేల్చేశాడు.

కబురందుకుని బావమరిది చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. పుల్ల చూశాడు. తలెత్తి ట్యాంకు వైపు చూశాడు, వెనక్కి తిరిగి మలుపు వైపు చూశాడు. వాడికి నవ్వు కూడా వచ్చినట్టుంది.

"బావా, బండిని కిందకి తీసుకెళ్ళి చూద్దాం. ఒక్క నిమిషం పని" అన్నాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు.

"కిందకెందుకురా? నీ షెడ్డులో నా కంట పడకుండా ఆ అరలీటరూ పోసేద్దామనా? ఇక్కడే, నా చేత్తో కొలిచాను."

ఎదురింటి వాళ్ళు వరండాలోకి వచ్చారు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. బావమరిది ఏదో చెప్పబోయాడు. మాస్టారు చెప్పనిస్తేగా! తిండి పెట్టిన ఇల్లన్నాడు, ఇంకెంతమంది బండ్లలో ఇలా మిగుల్చుకున్నావో అన్నాడు, నోటికెంతొస్తే అంతా అన్నాడు. వాడి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఆ పొడుగు జేబులో కుక్కుకుని, వీధి దిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య మెల్లిగా కదిపింది. వీధి ఏటవాలు కదా, అందుకని పుల్ల తప్పు చూపిస్తుందంటున్నాడు తమ్ముడు అని చెప్పింది. అంతకంటే విడమరిచి ఎవరు చెప్తారు? మాస్టారు కంచం ముందునుంచి లేచిపోయాడు. కొలత గురించి నాకు చెప్తున్నారా మీ అక్కాతమ్ముళ్ళు అని ఒక్క విసురు విసిరాడు. ఆవిడ ఆ మాట మరి ఎత్తలేదు.

అక్కడితో ఆగినా ఏ నెలకో రెణ్ణెల్లకో చల్లారేది. టైలరు దుకాణం సంగతి తెలుసు కదా. ఊరంతా వచ్చి చేతులు చాచి నిలబడుతుంది, కదలకూడదు కాబట్టి చెప్పింది వింటుంది. ఛాతీ కొలుస్తూ ఒకడికి, నడుం కొలుస్తూ ఇంకొకడికి మాస్టారు ఆ ఆదివారం కథ చెప్పాడు. చెప్పే కొద్దీ దానికి చిలవలూ పలవలూ వచ్చాయి. వాడికో పేరు కూడా పెట్టాడు, అరలీటరు అని. మా అరలీటరు గాడు ఇవాళ షెడ్డు తీశాడా అని ఆయన అడిగితే కొలత తప్పేంతగా ఊగిపోతూ నవ్వేవాళ్ళు. పేరు బాగా కుదిరింది. వీధి వీధంతా దాన్ని ఎత్తుకుంది. ఎత్తుకున్నవాళ్ళు ఊరుకోరు కదా, బండి పట్టుకెళ్ళేముందు ఒకసారి ఆలోచిస్తారు. ఆలోచించినవాళ్ళు పెద్ద బజారులో ఇంకో షెడ్డుకి పోతారు. మలుపు దగ్గర బండ్లు పలచబడ్డాయి. ఏడాది తిరక్కుండా బావమరిది షెడ్డు ఖాళీ చేసి, ఎక్కడో దూరాన బస్సు డిపోలో పనికి కుదిరాడు.

వెళ్ళే రోజు పనిముట్ల పెట్టె భుజాన పెట్టుకుని అక్కకి చెప్పిపోదామని వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముందుగదిలో మాస్టారు మిషను మీద ఉన్నాడు. వాడి గొంతు వినపడింది. లేచి వెళ్ళొచ్చు. సూది కింద గుడ్డ అయిపోయినా ఉత్తినే కాలితో తొక్కుతూ కూర్చున్నాడు, ఆ చప్పుడుకి ఇంకేమీ వినపడకుండా.

ఇక కారుకి దిక్కెవరు? పెద్ద బజారు షెడ్డుకి ఇవ్వడానికి మాస్టారికి మనసొప్పలేదు. ఇంట్లోవాడే అంత పని చేస్తే బయటివాడు వదులుతాడా అని ఆయన లెక్క. నా బండి పని నేనే చేసుకుంటాను, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అని పంతం పట్టాడు. ఫోనులో పాఠాలు చూశాడు. బండితోపాటు వచ్చిన పుస్తకాన్ని పాఠ్యపుస్తకంలా చదివాడు. మొదటిసారి కారు కిందకి దూరినప్పుడు వెల్లకిలా పడుకునేసరికి కుడి ఏదో ఎడమ ఏదో తికమకపడి, ఆయిల్ దించే నట్టుని విప్పబోయి ఇంకా బిగించాడు. తీరా అది వదిలేసరికి వేడి నల్ల ఆయిల్ మోచేతి దాకా కారింది. దాన్ని పట్టడానికి ఆయన తీసుకెళ్ళింది భార్య బట్టలు నానబెట్టుకునే బేసిను. ఆవిడ గుమ్మంలో నిలబడి బేసిన్ని చూసింది, మొగుణ్ణి చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు వెళ్ళిన దగ్గర్నుంచీ ఆవిడ మాటలు పొదుపయ్యాయి.

కానీ ఒప్పుకోవాలి, పనిలో ఆయనది మంచి చెయ్యి. జిడ్డుకి జారిపోయే ఫిల్టరుని ప్యాంటు నడుముకి వేసే కాన్వాసు పట్టీ చుట్టి మెలితిప్పాడు, సులువుగా ఊడొచ్చింది. ఏ నట్టు ఏ చోటిదో కుట్టు సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. గాలి ఫిల్టరుని కోటు దులిపినట్టు దులిపాడు. వైపర్లు మార్చాడు, దీపాలు మార్చాడు, ప్లగ్గులు తీసి శుభ్రం చేశాడు. ఎక్కడో లోపలికి పడిపోయిన చిన్న బోల్టుని సూదికి దారం ఎక్కించేంత ఓపికతో, తాడుకి అయస్కాంతం కట్టి బయటికి లాగాడు. ఒక్కోసారి పని బాగా కుదిరినప్పుడు, చూశావురా అనబోయి పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయేవాడు. వెంటనే కోపం తెచ్చుకుని ఆ మాటని మింగేసేవాడు.

ఆయిల్ మార్చిన మొదటిరోజు సంగతి చెప్పాలి. పుస్తకంలో ఎంత పొయ్యమని ఉందో అంతా, డబ్బా బోర్లించి ఆఖరి చుక్క దాకా పోశాడు. పుల్ల ముంచి చూశాడు. రెండు గీతలకీ నడుమన ఆగింది, అరలీటరు తక్కువ.

ఇక్కడైనా మనిషి ఆలోచించాలా వద్దా? తన చేత్తో తనే పోసుకున్నాడు, మధ్యలో దొంగతనం చెయ్యడానికి ఎవరూ లేరు. మాస్టారు ఆలోచించాడు. ఆలోచించి, డబ్బాలో ఆయిల్ తక్కువ పోసి అమ్ముతున్నారని తేల్చాడు. కొట్టువాడితో పోట్లాడాడు. వాడు భుజాలెగరేసి ఇంకో రకం డబ్బా చేతిలో పెట్టాడు. తర్వాతిసారి అదీ తక్కువే చూపించింది. ఆ తర్వాతిసారి మరో రకం, అదీ అంతే. దాంతో ఆయనకి లోకం తీరు బోధపడిపోయింది. అందరూ అరలీటరు గాళ్ళే. ఆయిల్ మార్చినప్పుడల్లా పై గీత తాకేదాకా అదనంగా పోస్తూ వచ్చాడు. ఇలా మూడేళ్ళు పైన గడిచిపోయాయి.

ఇంజనుకి ఆయిల్ తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే. కారు వెనక నీలంగా పొగ రావడం మొదలైంది. కింద చుక్కలు కారాయి. మాస్టారు పాత గుడ్డలు పరిచి, ముసలిబండి అంతే అని సరిపెట్టుకున్నాడు.

ఒకరోజు ఊరి చివర గోడౌన్లో కాపలావాళ్ళకి యూనిఫారాలు కుట్టాలని పిలుపొచ్చింది. పెద్ద పని. మాస్టారు కార్లో వెళ్ళాడు. గోడౌను ముందు అద్దంలా చదునుచేసిన విశాలమైన సిమెంటు నేల, లారీలు వరసగా నిలబడటానికి. అక్కడికి చేరేసరికి పొగ మరీ ఎక్కువైంది. సరే, చల్లారనిద్దామని బండి అక్కడ వదిలి లోపల కొలతలు తీసుకున్నాడు. కాపలావాళ్ళలో పెద్దాయన ఒకడు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. మాస్టారు టేపు దించేసి విసుక్కున్నాడు.

"చదునుగా ఉన్నచోట నిలబడవయ్యా. అలా ఎగుడుదిగుడుగా నిలబడితే కొలత తప్పు రాదా?"

అందరికీ రోజూ చెప్పే మాటే. పని ముగించుకుని బయటికి వచ్చి, పొగ సంగతేమిటో చూద్దామని బానెట్ ఎత్తి పుల్ల లాగాడు. ఆయిల్ పై గీత దాటి బోలెడంత పైకి ఉంది. ఎవరైనా పోశారా అని చుట్టూ చూశాడు. తుడిచి మళ్ళీ ముంచాడు. అంతే. పుల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడే తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవిలో పడినట్టయింది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. బండి మెల్లగా నడుపుకుంటూ ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే ముక్కు ట్యాంకు వైపు పెట్టి ఆపాడు. అలవాటు కొద్దీ వంగి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. పెట్టి, ఆ రాయి మీద చెయ్యి అలాగే ఉంచి, చాలాసేపు లేవలేకపోయాడు. బండి జారుతుందని రోజూ తన చేత్తో రాయి పెట్టాడు. వాలని తెలియక కాదు కదా! చక్రానికి తెలిసిన వాలు పుల్లకి ఉండదనుకున్నాడా? ఇంజను చల్లారాక పుల్ల ముంచి చూశాడు. సరిగ్గా పై గీత మీద ఉంది. అదే ఆయిల్, అదే పుల్ల, చెయ్యి కూడా అదే. మారింది నిలబడ్డ చోటు.

బండిని కిందకి తీసుకెళ్ళి చూద్దాం బావా, ఒక్క నిమిషం పని. ఆ ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే అయిపోయేది. కిందకి దిగి, షెడ్డు ముందు చదును నేల మీద చూసుకుని, నాలుక కరుచుకుని, ఇద్దరూ నవ్వుకుని టీ తాగేవాళ్ళు. మాస్టారు రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

లోపలికి వెళ్ళి భార్యకి చెప్పాడు. అంతా చెప్పాడు, ఒక్కటీ దాచలేదు. ఆవిడ గిన్నెలు తుడుస్తోంది. తుడవడం ఆపలేదు. నేను ఆ రోజే చెప్పాను కదా అని ఒక్క మాట అంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. ఆవిడ అనలేదు. వాణ్ణి పిలిపిద్దాం, ఫోను చెయ్యి అని ఆయనే అన్నాడు.

"ఫోన్లో కాదు, వెళ్ళి చెప్పండి" అంది ఆవిడ. "ఒక్కరే వెళ్ళండి. నేనుంటే వాడు నా మొహం చూసి సర్దుకుపోతాడు."

వెళ్ళేలోపు చేసిందాన్ని కొంతైనా సరిచేద్దామని, మాస్టారు వచ్చినవాడికల్లా నిజం చెప్పడం మొదలుపెట్టాడు. ఛాతీ కొలుస్తూ, నడుం కొలుస్తూ, తప్పు నాది, వాడు చుక్క కూడా తియ్యలేదు అని చెప్పాడు. సగంమందికి ఆ గొడవే గుర్తులేదు. గుర్తున్నవాళ్ళు ఇంకో రకంగా గుర్తుపెట్టుకున్నారు. ట్యాంకు వైపు పైనింటి ఆయన చేతులు చాచి నిలబడి అన్నాడు కదా, అరలీటరా, రోజూ అంత తాగేవాడని కదూ ఆ పేరు, పాపం పనిమంతుడే గానీ తాగుడుకి షెడ్డు పోగొట్టుకున్నాడు అని. జన్మలో చుక్క ముట్టని మనిషి వాడు. మాస్టారి చేతిలో టేపు జారి కింద పడింది. ఎంత చెప్పినా పైనింటాయన, పోనీలెండి, మీ బావమరిది కాబట్టి వెనకేసుకొస్తున్నారు అని నవ్వేశాడు. తను చెడ్డ చెప్పినప్పుడు నోరు మూసుకుని నమ్మిన ఊరు, మంచి చెప్తే నమ్మకపోవడమేమిటో!

బస్సులో పొద్దంతా ప్రయాణం చేసి మాస్టారు ఆ ఊరు చేరాడు. డిపో గేటు దగ్గర, మెకానిక్కుకి బావనవుతాను అని చెప్పాడు. లోపల పెద్ద రేకుల షెడ్డు, బస్సుల కింద మనిషి నిలబడి పనిచేసేందుకు తవ్విన పొడుగాటి గోతులు. ఒక గోతిలోంచి బావమరిది పైకి వచ్చాడు. నాలుగేళ్ళకే జుట్టు పలచబడింది. ఒంటి మీద డిపో వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా ఒకవైపు జారి, ఇంకోవైపు ఎగలాగి ఎవరిదో తొడుక్కున్నట్టుంది.

"బావా" అన్నాడు. అదే గొంతు. అక్క బాగుందా అని అడిగాడు, మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగాడు, వెంటనే టీ తెప్పించాడు. అలకా లేదు, కోపమూ లేదు. కోపం ఉన్నా బాగుండునని మాస్టారికి అనిపించింది. మన పైనింటి వాళ్ళ అల్లుడు ఇక్కడే డ్రైవరు, అప్పుడప్పుడు వీధి కబుర్లు చెప్తుంటాడు అని వాడే ఏవో మాటలు కల్పించుకుని మాట్లాడాడు. మాస్టారు టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"ఒరే, గోడౌను దగ్గర చదునులో చూశానురా" అన్నాడు చివరికి. "పై గీత దాటి ఉంది. నువ్వు సరిగ్గానే పోశావు. తప్పు నాదిరా. నన్ను క్షమించు."

బావమరిది తన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "పోనీలే బావా. ఇప్పటికైనా చూశావు" అన్నాడు.

మలుపు దగ్గర మళ్ళీ షెడ్డు పెట్టుకో, దగ్గరుండి నేను చూస్తాను, ఇంటింటికీ తిరిగి చెప్తాను అని మాస్టారు బతిమాలాడు. వాడు తలూపాడు గానీ అది ఒప్పుకోలు కాదు. చెప్పు బావా, చెప్పడం మంచిదే, కానీ నేను రాను అన్నాడు. గొంతులో కసి లేదు. ఇక్కడ అలవాటైపోయింది, పైగా సొంత షెడ్డంటే అన్ని పనులూ ఒక్కడే చేసుకోవాలి, నా వల్ల కాదు అన్నాడు. నీ వల్ల కాకపోవడమేమిటిరా అని మాస్టారు కోప్పడబోయాడు. ఏమని ప్రతిదానికీ కోప్పడతాడు? ఆపుకున్నాడు.

ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరాడేట్టు లేదు ఆయనకి. ఈ చొక్కా ఏమిట్రా గోనెసంచిలా, లే, నీకు రెండు జతలు కుట్టి పంపిస్తాను, పానా జేబుతో సహా అన్నాడు. టేపు ఎక్కడికెళ్ళినా ఆయన జేబులోనే ఉంటుంది. ఇప్పుడెందుకు బావా అంటూనే వాడు లేచి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మాస్టారు ఒక భుజం మీద టేపు ఆనించి రెండో భుజానికి లాగాడు. టేపు వాలింది. ఎడమ భుజం కిందకి ఉంది.

"నిటారుగా నిలబడు" అన్నాడు, నోరు అలవాటు కొద్దీ.

"నిలబడ్డాను కదా బావా."

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. బావమరిది వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. రెండేళ్ళ కిందట బస్సు గేరుపెట్టె దించుతుంటే జాకీ జారి భుజం మీద ఒరిగిందట. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఆ చెయ్యి ఇప్పుడు తల పైకి లేవదు. సొంత షెడ్డులో అంత బరువు పనులు ఎక్కడుండేవి, చిన్న కార్లే కదా అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అక్క వచ్చి ఆస్పత్రిలో వారంరోజులు ఉంది, నీకు చెప్పొద్దని నేనే అన్నాన్లే అన్నాడు.

ఆ ఏడు భార్య పిన్నిగారింటికని చెప్పి వెళ్ళి వారం ఉండి రావడం మాస్టారికి గుర్తొచ్చింది. వచ్చాక కళ్ళు వాచి ఉంటే, బస్సులో నిద్రలేదు అంది. ఈయన అప్పుడు ప్లగ్గులు శుభ్రం చేసుకుంటూ, ఊఁ అన్నాడు.

కళ్ళు మసకబారితే టేపు మీద అంకెలు కనపడలేదు. చేత్తో తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ అలా కొలవలేదు. ఈసారి మనిషిని సర్దుకోమనలేదు, తనే వంగాడు. కుడి భుజం విడిగా కొలిచాడు, ఎడమ భుజం విడిగా కొలిచాడు. మెడ నుంచి ఇటెంత, అటెంత, ఎడమ చంక కింద ఎంత వదలాలి, అన్నీ చూసుకున్నాడు. కాగితం మీద రాసుకోవాల్సిన పని లేకపోయింది.

పానా జేబు ఎడమవైపు పెట్టనా, కుడివైపు పెట్టనా అని అడుగుదామని నోరు తెరిచాడు. అంతలో గోతిలోంచి ఎవడో చేతిపానాతో బస్సు అడుగున టంగుమని కొట్టి కేకేశాడు.

"అరలీటరన్నా! ఎక్కడున్నావు, బస్సు బయటికెళ్ళాలి."

"ఆఁ, వస్తున్నా" అని బావమరిది ఆ పేరుకి పలికి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళాడు.